మూడు రోజుల సంచి

బ్యాంకు అనగానే తెలుగు పాఠకులకు పాసుపుస్తకం, వడ్డీ, తాకట్టు గుర్తుకు రావడం సహజం. ఇంగ్లండులో గత పాతికేళ్లలో ఆ మాటకు మరో అర్థం కూడా స్థిరపడింది. ఇరుగుపొరుగువారు తెచ్చి ఇచ్చిన బియ్యం, పప్పులు, డబ్బాల్లో నిల్వ ఉండే కూరలు, పాలు ఒకచోట చేర్చి, చేతిలో డబ్బు ఆడక పూట గడవని స్థితికి వచ్చిన స్థానిక కుటుంబాలకు ఉచితంగా అందించే కేంద్రాన్ని అక్కడ ‘ఫుడ్ బ్యాంకు’ అంటారు. ఈ పేరు పుట్టింది అమెరికాలో. 1967లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే స్వచ్ఛంద సేవకుడు, సెయింట్ మేరీస్ చర్చి అండతో నెలకొల్పిన కేంద్రం ప్రపంచంలో మొదటిది. దుకాణాలు పారవేసిన సరుకులో తినదగినదాన్ని ఏరుకుని పిల్లలను సాకుతున్న ఒక తల్లి, డబ్బుకు ఉన్నట్టే తిండికీ ఒక బ్యాంకు ఉంటే బాగుండునని అన్న మాట ఆయనకు ఆ ఆలోచననిచ్చిందని చెబుతారు.

లండన్ పడమటి అంచున ఉన్న సౌతాల్‌లో మొదలై, సాల్స్‌బరీ, లివర్‌పూల్, యార్క్‌ల మీదుగా న్యూకాసిల్ దాకా సాగిన ఈ యాత్ర, చర్చి హాళ్లలో వారానికి కొద్ది పూటలు తెరుచుకునే ఇటువంటి కేంద్రాల జాడలను వెతుక్కుంటూ సాగింది. సంపన్న దేశాల వరుసలో ముందుండే రాజ్యంలో, దుకాణాల అరలు సరుకుతో కిటకిటలాడే ఊళ్లలో, మూడు రోజుల గ్రాసం కోసం మనుషులు చీటీ పట్టుకుని ఎందుకు రావలసి వస్తోందన్న ప్రశ్న దారి పొడవునా వెన్నంటి వచ్చింది.

సౌతాల్ వీధుల్లో జిలేబీ పాకం వాసనా, కొత్తిమీర కట్టల పచ్చదనమూ, పంజాబీ పలకరింపులూ ఎదురవుతాయి. ఒకప్పుడు హేవ్‌లాక్ రోడ్డు అనే పేరున్న వీధిలో బంగారు పూత గుమ్మటంతో నిలిచిన శ్రీ గురు సింగ్ సభ గురుద్వారాను 2003లో ప్రారంభించారు. సిక్కుల ఆలయాల్లో వచ్చినవారందరికీ నిత్యం భోజనం పెట్టే వంటశాలను, ఆ సహపంక్తి భోజనాన్ని కూడా లంగరు అంటారు. తల మీద గుడ్డ కప్పుకుని, చెప్పులు విడిచి లోపలికి వెళితే పేరు, ఊరు, జీతం, వీసా ఏదీ ఎవరూ అడగరు. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలన్నది అక్కడి మర్యాద. వడ్డించేవారు వంగి, తీసుకునేవారు చేతులు చాచి, ఇద్దరూ ఒకే వినయంతో కనిపించే ఆ క్షణంలో దాత ఎవరో గ్రహీత ఎవరో చెప్పడం కష్టం. పక్కన కూర్చున్న మనిషి భక్తితో వచ్చాడో, ఆకలితో వచ్చాడో మూడో కంటికి తెలియదు. ఆకలిగొన్నవారిని పంక్తిలో కలిపేసుకుని వారి గుట్టు కాపాడటం లంగరు చేసే పెద్ద మేలు.

ఆ గుట్టు విలువ పరాయి దేశంలో చదువుకునే తెలుగు పిల్లలకు బాగా తెలుసు. బ్రిటన్‌కు వెళ్లే విదేశీ విద్యార్థుల వీసాకు ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అనే షరతు ఉంటుంది. ప్రభుత్వ సంక్షేమ నిధుల నుంచి భృతి కోరే హక్కు లేదని దాని అర్థం. డిగ్రీ, ఆపై చదువుల వారు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదన్న నిబంధన కూడా ఉన్నందువల్ల, అద్దె పెరిగినా, పని దొరకడం ఆలస్యమైనా మొదట కోత పడేది తిండికే. పొలం కాగితాలు తాకట్టు పెట్టి పంపిన తండ్రి ఫోనులో “తిన్నావా నాన్నా?” అని అడిగితే తిన్నానని బదులిచ్చే బిడ్డ మాటలో ఎంత నిజముందో ఆ గదిలోని స్నేహితులకే తెలుస్తుంది. ఫుడ్ బ్యాంకు ఇచ్చే సాయం ప్రజల విరాళమే గాని ప్రభుత్వ నిధి కాదు కాబట్టి, వీసా షరతు దానికి అడ్డురాదన్న సంగతి తెలియక, సిగ్గుతో వెనుకాడేవారు ఈ మాటను గుర్తుంచుకోవడం మంచిది.

లండన్ దాటి నైరుతి దిశగా సాగితే నేల రూపు మారుతుంది. సుద్దరాతి మీద పలచగా పరుచుకున్న పచ్చిక మెట్టలు అలలు అలలుగా లేచి దిగుతుంటాయి. ఏవన్ నది తడిపే పల్లపు బీళ్లలో గొర్రెలు మేస్తుంటే, వాటి వెనుక సాల్స్‌బరీ కెథడ్రల్ శిఖరం ఊరు రాకముందే దర్శనమిస్తుంది. 123 మీటర్ల ఆ శిఖరం బ్రిటన్‌లోని చర్చి శిఖరాలన్నిటిలోకీ ఎత్తైనది. ఆ ప్రాంగణంలోనే, చాప్టర్ హౌస్ అనే ఎనిమిది పలకల మందిరంలో, 1215 నాటి మాగ్నాకార్టా ప్రతుల్లో నేటికి మిగిలిన నాలుగింటిలో ఒకటి భద్రంగా ఉంది. రాజు అధికారానికి హద్దులు గీసిన పత్రంగా దాన్ని లోకమంతా ఎరుగును గాని, ధాన్యానికీ మద్యానికీ రాజ్యమంతటా ఒకే కొలత ఉండాలని అందులోని 35వ నిబంధన శాసించిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. తిండిగింజల కొలతలో మోసం జరగరాదని ఎనిమిది వందల ఏళ్ల కిందటే రాసుకున్న దేశం, ఆ గింజలు ప్రతి ఇంటికీ చేరి తీరాలన్న మాటను తన చట్టాల్లో ఇంకా రాసుకోవలసే ఉంది.

బ్రిటన్‌లో నేడు అతి పెద్దదైన ఫుడ్ బ్యాంకుల కూటమి ఈ ఊళ్లోనే పుట్టింది. క్యారల్, ప్యాడీ హెండర్సన్ దంపతులు, క్యారల్ తల్లి బెట్టీ ట్రస్సెల్ వదిలివెళ్లిన సొమ్ముతో 1997లో ట్రస్సెల్ ట్రస్ట్ అనే ధర్మసంస్థను ప్రారంభించినప్పుడు, వారి ధ్యాసంతా బల్గేరియా రాజధాని సోఫియాలో రైల్వేస్టేషను పంచన బతికే పిల్లల మీద ఉండేది. 2000లో వారు ఆ పనికి విరాళాలు సేకరిస్తుండగా సాల్స్‌బరీలోనే ఉన్న ఒక తల్లి ఫోను చేసి, తన పిల్లలు ఈ రాత్రి పస్తు పడుకుంటున్నారని, దానికి ఏం చేస్తారని నిలదీసింది. సొంత ఊళ్లో ఇంత ఆకలి దాగి ఉందని అప్పటికి గ్రహించని ఆ దంపతులు, తమ తోటలోని షెడ్డులో, కారు గ్యారేజీలో డబ్బాలు పేర్చి తొలి కేంద్రాన్ని ఆరంభించారు. 2004లో మిగతా ఊళ్లకు విస్తరించిన ఆ కూటమిలో నేడు 1,400కు పైగా పంపిణీ కేంద్రాలున్నాయి.

ఇటువంటి కేంద్రాల గిడ్డంగిలోకి తొంగిచూస్తే కిరాణా కొట్టు క్రమశిక్షణ కనిపిస్తుంది. సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గరి పెట్టెలో ఎవరో వేసి వెళ్లిన సరుకు ముందుగా తూకానికి వెళుతుంది. తరువాత బల్ల ముందు కూర్చున్న స్వచ్ఛంద సేవకులు, వారిలో చాలామంది ఉద్యోగ విరమణ చేసిన వృద్ధులు, ఒక్కొక్క డబ్బానూ తిప్పి తిప్పి, కళ్లద్దాలు సవరించుకుంటూ, మూల ఎక్కడో చిన్న అక్షరాల్లో అచ్చువేసిన గడువు తేదీని వెతుకుతారు. దొరికిన నెలను, సంవత్సరాన్ని లావుపాటి నల్ల కలంతో డబ్బా మీద పెద్దగా రాసి, గడువు ముందున్నవి ముందు వరుసలో నిలబెడతారు. పండగ కోసం కొత్తబియ్యం జాడీకెత్తి, పాతవి ముందుగా వాడుకునే తెలుగింటి అమ్మమ్మల లెక్క అచ్చంగా ఇదే.

ఒక్కో ఇంటికి ఇచ్చే సంచిలో కనీసం మూడు రోజులకు సరిపడే తిండి ఉంటుంది. బియ్యం, పాస్తా, పప్పులు, చిక్కుడు గింజలు, సూపు, టమాటా డబ్బాలు, చేపలు లేదా మాంసం డబ్బాలు, పండ్ల ముక్కలు, చాలాకాలం నిల్వ ఉండే పాలు, టీ పొడి, బిస్కెట్లు అందులో ముఖ్యమైనవి. పసిపిల్లలుంటే డైపర్లు, స్త్రీలకు శానిటరీ ప్యాడ్లు, సబ్బు కూడా వీలునుబట్టి చేరుస్తారు. సంచి పొందడానికి సాధారణంగా ఒక చీటీ కావాలి. వైద్యుడో, బడి ఉపాధ్యాయుడో, సామాజిక కార్యకర్తో, ఉచిత సలహా కేంద్రంవారో ఆ కుటుంబం ఇబ్బందిలో ఉందని ధ్రువీకరించి ఇచ్చే ఆ చీటీని వోచర్ అంటారు. అది ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్ ద్వారానే వెళుతోంది. లోపలికి వచ్చినవారిని ముందు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆ తరువాతే తినకూడని పదార్థాలున్నాయా అని, ఇంట్లో వండుకునే వీలుందా అని అడుగుతారు. టీ కప్పు మీద కళ్లు దించుకుని కూర్చున్న మనిషికి మాట పెగలడానికి పట్టే సమయాన్ని ఆ వృద్ధులు ఓపికగా ఇస్తారు. అప్పుల సలహాదారు పక్క బల్ల దగ్గరే ఉంటే, సంచితో పాటు ఆ మనిషిని అక్కడికీ నడిపిస్తారు.

చీటీ అడిగే ఈ పద్ధతి తెలుగువారికి మొదట కటువుగా తోచవచ్చు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏ వేళ ఎవరు తలుపు తట్టినా కులగోత్రాలు విచారించకుండా ఆకు వేసి వడ్డించారు. బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకకు పిలుపు వస్తే, తాను వెళితే ఇంటికొచ్చినవారికి అన్నం పెట్టేదెవరని ఆమె కదలలేదని, అప్పుడు ఆమె చిత్రపటాన్ని తెప్పించుకున్నారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రాయలసీమలో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు 1866 కరువులో వేలమందికి అన్నదానం చేసి, విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం పొందారు. ఆ పతకం దాతకు చేరింది గాని, కరువు రోజుల్లో ప్రజల ప్రాణం నిలిపే పూచీ ఏ చట్టంలోకీ అప్పటికి చేరలేదు. దాత ఎంత గొప్పవారైనా వారి ఇల్లు ఒక ఊళ్లోనే ఉంటుంది, వారి ఆయువు ఒక తరంతోనే ముగుస్తుంది. చీటీ కటువుదనం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆకలికి కారణమైన అప్పునో, ఆగిపోయిన భృతినో, అనారోగ్యాన్నో ఎవరైనా ఒకరు పట్టించుకునేలా చేయాలన్నది దాని ఉద్దేశం. ఆ పని జరిగినచోట చీటీ మేలు చేస్తుంది, జరగనిచోట అది అడ్డుగోడగా మిగులుతుంది.

లివర్‌పూల్‌లో మెర్సీ నది సముద్రంతో కలిసే చోట గాలిలో ఉప్పు, రేవు గోడల్లో పాత వ్యాపారపు ఠీవి ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ నగరవాసులను ‘స్కౌజర్లు’ అంటారు. మాంసం, బంగాళదుంపలు, ఉల్లి, క్యారెట్ కలిపి నెమ్మదిగా ఉడికించే స్కౌజ్ అనే నావికుల కూర నుంచి ఆ పేరు వచ్చింది. మాంసం కొనలేని ఇంట్లో దుంపలతోనే ఆ కూర వండితే దాన్ని ‘గుడ్డి స్కౌజ్’ అంటారు. లేమి కూడా ఒక వంటకానికి పేరు పెట్టిందన్న సంగతి, గంజిలో ఉప్పురాయి వేసుకుని పూట గడుపుకున్న మన పల్లెల జ్ఞాపకానికి ఎంతో దగ్గరగా ఉంటుంది.

స్టాన్లీ పార్కుకు ఒక పక్క లివర్‌పూల్ క్లబ్బు ఆట మైదానం ఆన్‌ఫీల్డ్, మరో పక్క ఎవర్టన్ క్లబ్బు పురుషుల జట్టు 2025 దాకా ఆడిన గుడిసన్ పార్కు ఉన్నాయి. ఒకే ఇంట్లో అన్న ఎరుపు, తమ్ముడు నీలం వేసుకుని వాదులాడుకునే ఊరది. 2015లో ఆ రెండు క్లబ్బుల అభిమానులు చేతులు కలిపి ‘ఫ్యాన్స్ సపోర్టింగ్ ఫుడ్ బ్యాంక్స్’ అనే ఉద్యమాన్ని ఆరంభించారు. ఆకలి ఏ క్లబ్బు రంగూ వేసుకోదన్నది వారి నినాదం. ఎరుపు, నీలం కలిస్తే వచ్చే ఊదారంగు వారి గుర్తు. ఆట రోజున మైదానం బయట నిలబడి, లోపలికి వెళ్లే జనం చేతి సంచుల్లోంచి తీసి ఇచ్చే డబ్బాలను సేకరించడంతో మొదలైన ఆ పని, తరువాత పేటల్లోకే సరుకును తీసుకెళ్లే సంచార కేంద్రాల దాకా పెరిగింది. స్థాపకులలో ఒకరైన ఇయాన్ బర్న్ 2019లో పార్లమెంటు సభ్యుడై, ఆహారాన్ని చట్టబద్ధమైన హక్కుగా గుర్తించాలని ప్రచారం చేపట్టారు. 2021లో లివర్‌పూల్ నగర కౌన్సిల్ ఆ కోరికకు మద్దతు తెలిపింది. పెట్టెలో డబ్బా వేసిన చేయే, ఆ పెట్టె అవసరం ఎందుకు వచ్చిందని అడగడానికి కూడా లేవడం ఈ యాత్రలో కనిపించిన విలువైన మలుపు.

ఆ ప్రశ్నకు పాత చిరునామా యార్క్ నగరంలో ఉంది. ఊజ్ నది ఒడ్డున, రాతి ప్రాకారాల నడుమ ఉన్న ఆ నగరంలో చాక్లెట్ పరిశ్రమను పెంచిన రౌన్‌ట్రీ కుటుంబం పేరు తెలుగు పిల్లలకు తెలియకపోయినా, 1935లో ఆ కర్మాగారం నుంచి వచ్చిన సరుకు కిట్‌క్యాట్ పేరుతో వారికి సుపరిచితమే. ఆ ఇంటి బిడ్డ సీబోమ్ రౌన్‌ట్రీ తన ఊరి శ్రామికుల ఇంటింటి వివరాలు సేకరింపజేసి 1901లో ఒక గ్రంథం ప్రకటించారు. ఒళ్లు నిలబడటానికి మాత్రమే చాలే తిండి, గుడ్డ, అద్దె లెక్కగట్టి, తల్లిదండ్రులు, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటికి వారానికి 21 షిల్లింగుల 8 పెన్సులు కావాలని తేల్చి, నగర జనాభాలో దాదాపు 28 శాతం పేదరికంలో ఉన్నారని చూపించారు. ఆయన లెక్కలోని భోజనం, నిరుపేదలను ఉంచే ‘వర్క్‌హౌస్’ అనే సత్రాల్లో పెట్టే తిండికన్నా నాసిరకం, అందులో తాజా మాంసానికి చోటే లేదు.

అదే 1901లో, లండన్‌లో, దాదాభాయి నౌరోజీ భారతదేశ పేదరికం మీద రాసిన బృహద్గ్రంథం వెలువడింది. 1892 నుంచి 1895 దాకా సెంట్రల్ ఫిన్స్‌బరీ ప్రతినిధిగా బ్రిటిష్ పార్లమెంటులో కూర్చున్న ఆయన, అంతకు చాలా ముందే, ఓడల్లో పంపే కూలీలకు, జైలు ఖైదీలకు ఇచ్చే తిండిని కొలమానంగా తీసుకుని, భారతీయునికి బతకడానికి ఏడాదికి 16 నుంచి 35 రూపాయలు కావాలని అంచనా వేశారు. పాలించే దేశంలో సత్రం భోజనం, పాలిత దేశంలో జైలు భోజనం ప్రమాణాలుగా తీసుకున్న ఇద్దరూ చివరికి ఒకే నిజాన్ని పట్టుకున్నారు. గింజలు లేకపోవడం వేరు, గింజలు కొనే శక్తి లేకపోవడం వేరు. యార్క్ అంగళ్లలో నాడు రొట్టెకు కొదవ లేదు, నేటి ఇంగ్లండు దుకాణాల్లోనూ లేదు. కొదవంతా ఇంటి పద్దులో ఉంది.

ఇంకా ఉత్తరాన, టైన్ నది మీద వంతెనలు ఒకదాని వెనుక ఒకటి విల్లుల్లా వంగి ఉండే న్యూకాసిల్‌లో మాట తీరే మారిపోతుంది. అపరిచితులను కూడా ‘పెట్’ అని, ‘హిన్నీ’ అని పిలుస్తారు. మన పెద్దవాళ్లు దారిన పోయే బిడ్డను ‘అమ్మా’, ‘బాబూ’ అని పిలిచినట్టే ఉంటుంది ఆ పిలుపు. ‘పీజ్ పుడ్డింగ్’ అనే అక్కడి వంటకం, పసుపు బఠాణీ పప్పును మెత్తగా ఉడికించి ఎనిపిన ముద్ద. స్టోటీ అనే గుండ్రటి దిబ్బరొట్టె వంటి రొట్టెలో దాన్ని రాసుకుని తింటుంటే, నెయ్యి ఒక్కటే తక్కువైన ముద్దపప్పును నాలుక వెంటనే గుర్తుపడుతుంది.

నగరపు పడమటి పేటల్లో ఒకప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయుధ, ఇంజనీరింగ్ కర్మాగారాలు వేలమందికి పని చూపాయి. అవి పోయాక మిగిలిన పేటల్లో బెన్‌వెల్ ఒకటి. అక్కడి వెస్ట్ ఎండ్ ఫుడ్ బ్యాంకులో, కెన్ లోచ్ దర్శకత్వం వహించిన ‘ఐ, డేనియల్ బ్లేక్’ చిత్రంలోని ఒక సన్నివేశాన్ని చిత్రీకరించారు. పిల్లలకు పెట్టి తాను పస్తులున్న ఒక తల్లి, అరల మధ్య ఆగలేక డబ్బా తెరిచి అక్కడికక్కడే తిని, ఆ వెంటనే సిగ్గుతో ఏడ్చే ఆ ఘట్టంలో నిజమైన సేవకులు కూడా కనిపిస్తారు. 2016లో కాన్ చిత్రోత్సవపు అత్యున్నత బహుమతి పొందిన ఆ సినిమా, ఆకలి కన్నా అది బయటపడటం ఎక్కువ బాధించే సందర్భాలున్నాయని లోకానికి చెప్పింది.

కొత్తగా భృతికి దరఖాస్తు చేసుకున్నవారికి కష్టం ఎక్కడ మొదలవుతుందో ఈ కేంద్రాల్లో తెలుస్తుంది. 2013 నుంచి దశలవారీగా వచ్చిన ‘యూనివర్సల్ క్రెడిట్’, అంటే అనేక భృతులను ఒకటిగా కలిపి నెలనెలా చెల్లించే పథకంలో, మొదటి చెల్లింపుకు సుమారు ఐదు వారాలు ఆగాలి. ఈలోగా ముందస్తు సొమ్ము తీసుకుంటే అది అప్పుగా మారి తరువాతి నెలల్లో కోతపడుతుంది. చాలా పేద ఇళ్లలో కరెంటుకు, గ్యాసుకు ముందుగా డబ్బు వేస్తేనే పనిచేసే మీటర్లుంటాయి. మీటరులో డబ్బు అయిపోతే బియ్యం ఇచ్చినా ఉడకవు. అందుకే ఇంట్లో వండుకునే వీలుందా అన్న ప్రశ్న అంత ముఖ్యమైనది. పొయ్యి లేనివారికి వేడినీళ్లు పోస్తే చాలే పదార్థాలతో ‘కెటిల్’ సంచి, నీళ్లు కాచుకునే వీలు కూడా లేనివారికి చల్లగానే తినగల సంచి వేరుగా కడతారు. ట్రస్సెల్ కూటమి 2010-11లో సుమారు 61 వేల మందికి అత్యవసర ఆహారం అందించగా, 2024-25లో అది పంచిన సంచులు దాదాపు 29 లక్షలు. వాటిలో 10 లక్షలకు పైగా పిల్లల కోసం ఇచ్చినవి.

బ్రిటన్‌లో రేషన్ పుస్తకం 1940లో వచ్చి 1954లో పోయింది. యుద్ధకాలంలో అది తిండిని అందరికీ సమంగా పంచే సాధనమైనా, అక్కడి పెద్దవారికి కొరతకు గుర్తుగా మిగిలింది. రేషన్ అన్న ఆ ఆంగ్ల పదమే తెలుగు ఇళ్లలో మాత్రం కార్డుగా నిలిచి, తరతరాలకు ఆధారమైంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం, పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం, నెలకు మనిషికి ఐదు కిలోల ధాన్యాన్ని హక్కు చేసిన 2013 ఆహార భద్రత చట్టం ఆ దారిలోని మైలురాళ్లు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకం డొక్కా సీతమ్మ గారి పేరు మీదనే నడుస్తుండటం, ఒక ఇంటి ధర్మం రాష్ట్రం బాధ్యతగా మారిందనడానికి అందమైన గుర్తు. అయితే స్వదేశంలోనూ వేలిముద్ర పడక వెనుదిరిగే వృద్ధులు, కార్డు ఊళ్లో, కూలి పట్నంలో ఉన్న వలస కుటుంబాలు ఉన్నంతకాలం ఆ హక్కు పూర్తి కాలేదు. చౌకధరల దుకాణం ముందు నిలబడ్డ అవ్వకు టీ ఇచ్చి కూర్చోబెట్టే మర్యాదను మన వ్యవస్థ ఇంగ్లండు చర్చి హాళ్ల నుంచి నేర్చుకోవచ్చు. కార్డు చూపి అడిగి తీసుకునే ధీమాను ఇంగ్లండు మన నుంచి నేర్చుకోవచ్చు.

దేవాలయమైనా, హోటలైనా, బడి అయినా వచ్చేవారు పెరగాలని కోరుకుంటాయి. తన గుమ్మం ఎక్కేవారే లేని రోజు రావాలని బాహాటంగా కోరుకునే సంస్థ ఫుడ్ బ్యాంకు. అటువంటి కేంద్రాల అవసరమే లేని దేశం తమ లక్ష్యమని ట్రస్సెల్ వారు చెబుతారు. నల్ల కలంతో డబ్బాల మీద తేదీలు రాసే ఆ వృద్ధులు తమ పనికి కూడా ఒక గడువు తేదీ ఉండాలని ఆశిస్తూనే, ఆ రోజు వచ్చేదాకా ఒక్క డబ్బా కూడా పాడు కానివ్వకుండా చూస్తున్నారు. సంచిలోని బియ్యం మొదటి మూడు రోజులను దాటిస్తాయి. ఆ మూడు రోజులూ ఇరుగుపొరుగు ప్రేమ పూచీ. నాలుగో రోజు పొద్దున ఆ ఇంట్లో పొయ్యి మీద ఏముంటుందన్నది మాత్రం జీతం, భృతి, అద్దె, చట్టం కలిసి తేల్చవలసిన లెక్క. సాల్స్‌బరీ నుంచి న్యూకాసిల్ దాకా సంచి కట్టిన ప్రతి చేతికీ ఆ నాలుగో రోజు గుర్తుంది. పాలించేవారికీ అది గుర్తుండేలా చేయడం, ఏ దేశంలోనైనా, కడుపునిండా తిన్నవారి బాధ్యత.